నిప్పులవానలో మూడో ప్రాణం

మండపేటలో నా వీడియో గేముల కొట్టు నడిచే రోజుల్లో, మిషన్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే పక్కనున్న పిండిమర ఆగిపోయేదని చెబితే మా గ్రూపులో ఒక్కడూ నమ్మడు. నమ్మకపోతే మానె. పిండిమర ఆగిన మాట మాత్రం నిజం. మా మిషన్ల వల్ల ఆగిందా, దాని బెల్టు తెగి ఆగిందా అన్నది చరిత్రకారులు తేల్చుకోవాలి.

ఆ కొట్లో ఆడిన కుర్రాళ్ళు ఇప్పుడు బట్టతలలతో, బీపీ మాత్రలతో ఫోన్లో ఒక గ్రూపుగా పోగయ్యారు. పేరు ‘మూడు ప్రాణాల సంఘం’. రెండు వందల పన్నెండు మంది, అందరూ మగవాళ్ళే. అడ్మిన్‌ని నేను, అంటే కొట్టు ముత్యాలరావుని. వీళ్ళకి పొద్దున్నే కాఫీ లేకపోయినా గడుస్తుంది గానీ గొడవ లేకపోతే గడవదు. పాత ఆటలు గొప్పా, కొత్త ఆటలు గొప్పా? కరెంటు బండి కొనొచ్చా, కూడదా? కంప్యూటరు వచ్చి మేష్టర్ల ఉద్యోగాలు ఊడగొడుతుందా? ఇంతవరకూ ఏదీ తేలలేదు. తేలితే గ్రూపు మూసెయ్యాలి.

ఒక మంగళవారం పొద్దున, కరెంటు బళ్ళు అమ్మే ఏసుదాసు మొదలుపెట్టాడు.

"మా పెద్దమ్మాయి వీడియో గేముల పోటీకి విజయవాడ వెళ్తానంటోంది. పంపమంటారా?"

"పంపు. దాంతో ఓ గరిటె కూడా పంపు," అని త్రిమూర్తులు జవాబు పెట్టాడు. "ఆడాళ్ళ చెయ్యి గరిటె తిప్పడానికి అలవాటైపోయి ఉంటదిరా. గేము పుల్ల దాని మాట వినదు. ఇది సైన్సు."

"ఏ సైన్సు? నువ్వు పదో తరగతిలో మూడుసార్లు తప్పిన సైన్సా?" అన్నాడు ఏసుదాసు.

"నిప్పులవానలో నా రికార్డు ముప్పై ఏళ్ళ నుంచి అలాగే ఉంది. కొట్టినోడు లేడు. అది చాలదా?"

నిప్పులవాన మా కొట్లో మహారాజు. తెర అడుగున ఒక బుల్లి పడవ. పైనుంచి నిప్పులు పడుతుంటాయి. జాయ్‌స్టిక్కు పుల్ల అటూ ఇటూ తోస్తూ పడవని కాపాడుకోవాలి. నిప్పు తగిలితే ఒక ప్రాణం పోతుంది. ఆ మిషన్ పెట్టె చేసిన వడ్రంగిది ఎడమచేతి వాటం. లోకంలో ఎక్కడైనా పుల్ల ఎడమవైపు ఉంటే, మా మిషన్‌కి కుడివైపు ఉండేది. మండపేట కుర్రాళ్ళు వేరే ఊరు వెళ్ళి ఆడితే చిత్తుగా ఓడిపోయేవారు. ఆ ఊళ్ళ కుర్రాళ్ళు మన ఊరొస్తే వాళ్ళు ఓడిపోయేవారు. లెక్క సరిపోయేది.

నేను జవాబు పెట్టాను. "కొట్టు మూసేశాక మిషన్‌ని గోనెసంచుల్లో చుట్టి అటకెక్కించాను కదరా మూర్తులూ. అటక మీద నీ రికార్డు కొట్టాలంటే ఎలకే కొట్టాలి."

నవ్వు బొమ్మలు వరదలా వచ్చాయి. వాటి మధ్య కాకినాడ నుంచి డాక్టర్ బుల్లియ్య ఒక్క ముక్క అడిగాడు. "మూర్తులూ, తాయారు చెయ్యి ఎలా ఉంది?"

మంగతాయారు త్రిమూర్తులు చెల్లెలు. ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క దులుపు దులిపితే రేకు వస్తుంది. రెప్పపాటు ముందైతే తడి, రెప్పపాటు వెనకైతే మాడు. ఆ రెప్పపాటు ఆవిడ కుడిచేతిలో ఉండేది. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, కాలు పోలేదు. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకున్న వేరేవాళ్ళ సామానులా అయిపోయింది.

"అలాగే ఉందిరా," అన్నాడు త్రిమూర్తులు. "కుండ ముందు కూర్చుంటది, లేస్తది. మాట్లాడదు."

బుల్లియ్య ఒకప్పుడు నా కొట్లో నిక్కరుతో నిలబడి, ఆడకుండా మిషన్ వెనక తీగలు చూసే రకం. ఇప్పుడు కాకినాడలో ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో ఒక తొడుగు కనిపెట్టాడు. వెంట్రుకలంత సన్నటి తీగలతో అల్లిన చేతి తొడుగు. పక్షవాతం వచ్చిన చెయ్యి చచ్చిపోదట, దారి మర్చిపోతుందట. ఆ చెయ్యి బాగున్న రోజుల్లో కదిలిన కదలికని, అదే వేగంతో, అదే బిగువుతో తొడుగు మళ్ళీ కదిలిస్తే నరం గుర్తుపట్టి లేస్తుంది. అయితే ఎవరి చేతికి వాళ్ళ కదలికే కావాలి. ఒకసారి తెలియక ఒక గుమాస్తా చేతికి డప్పు కళాకారుడి కదలిక ఎక్కిస్తే, వారం రోజులు ఆ చెయ్యి కంచం వాయించి తర్వాత ముందుకన్నా మొద్దుబారిపోయింది. ఆ పాపం తలుచుకుంటే బుల్లియ్యకి ఇప్పటికీ అన్నం సయించదు.

"తాయారు చెయ్యి కదలిక ఎవరు దాచి ఉంటారు?" అని బాధపడ్డాడు. "వీడియోలు పనికిరావు. బిగువు తెలియదు."

ఒక గంట పోయాక తనే మళ్ళీ రాశాడు. "బాబాయ్, మీ మిషన్లో రేడియో సాల్మను పెట్టిన నల్లపెట్టె ఉందా?"

కుర్రాళ్ళు కోపంలో పుల్ల విరగ్గొట్టి, నేను కాదంటే నేను కాదనేవారు. అందుకని రేడియో రిపేరు సాల్మను చేత ఒక పెట్టె చేయించాను. పుల్ల ఎటు కదిలింది, ఎంత గట్టిగా, ఏ క్షణాన అన్నది అందులో నమోదయ్యేది. అన్ని ఆటలూ పట్టవు కాబట్టి అందరికన్నా పెద్ద రికార్డు ఆట ఒక్కటే దాచుకునేది. అంటే త్రిమూర్తులుది.

"ఒకే తల్లి పిల్లలు," అన్నాడు బుల్లియ్య. "అన్నాచెల్లెళ్ళ చేతివాటం దగ్గరగా ఉండొచ్చు. ఆశ తక్కువే. కానీ చూద్దాం."

"నా చెయ్యి నా చెల్లికి పనికొస్తే అంతకన్నా ఏం కావాలిరా!" అన్నాడు త్రిమూర్తులు. గ్రూపంతా వాడికి దండాలు పెట్టింది. వాడు ఆ రోజంతా ఫోన్ ఒళ్ళోంచి దించలేదు.

ఇంకో చిక్కుంది. ఆ పెట్టెలో చిప్పు ముసలిది, నాలాగే. ఒకసారి చదివితే చెరిగిపోతుంది. నకలు తీస్తే వెయ్యోవంతు సెకను తేడా వస్తుందట, నరానికి ఆ తేడా తెలిసిపోతుందట. ఆటలో మూడు ప్రాణాలు కాబట్టి తొడుగుకి మూడు అవకాశాలు.

అటక మీంచి మిషన్ దించాం. దాంతోపాటు గోనెసంచిలోంచి ఒక రేకుబోర్డు జారి నా కాలి మీద పడింది. ‘ఆడపిల్లలకు ప్రవేశం లేదు’. పెద్దలడిగారని నేనే పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో రాయించాను. దాన్ని తిప్పి మళ్ళీ గోనెసంచిలో దూర్చి, మిషన్‌ని ఆ సంచులతోసహా వ్యానెక్కించాం.

కాకినాడ ల్యాబులో తాయారు కుర్చీలో కూర్చుంది. పక్కన కూతురు వేణి. బుల్లియ్య తొడుగు తొడిగాడు. నేనూ, బుల్లియ్యా, త్రిమూర్తులూ, ముగ్గురు మగాళ్ళం చుట్టూ నిలబడి ఓల్టేజీ గురించి, చిప్పు గురించి, వాతావరణం గురించి కూడా మాట్లాడుకున్నాం.

మొదటి ప్రాణం ఎక్కింది. తాయారు చెయ్యి ఉలిక్కిపడి కుడికి పోబోయి ఎడమకి గుంజుకుంది. ఆవిడ పెదవి కొరుక్కుంది. మూడు నిమిషాల్లో ఆగిపోయింది. వేళ్ళు ముందుకన్నా బిగుసుకున్నాయి.

రెండో ప్రాణం. మణికట్టు వాచింది. నొప్పికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుల్లియ్య గబుక్కున మీట నొక్కి ఆపేశాడు.

"ఇంక వద్దు," అన్నాడు. "మూడోది కూడా ఎదురుతిరిగితే ఈ నరం ఇంక ఎవరి మాటా వినదు."

తాయారు ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఇదెవరి చెయ్యండి డాక్టరు గారూ?"

"మీ అన్నయ్యదేనండి."

"ఆ ముక్క నాకెవరూ చెప్పలేదే!"

నిజమే. ఎవరూ చెప్పలేదు. ఏదో కొత్త వైద్యం అని చెప్పి తీసుకొచ్చాం. ఆవిడ చెయ్యి గురించి రెండు వందల పన్నెండు మందిమి మాట్లాడుకున్నాం గానీ, ఆవిణ్ణి అడగాలని ఒక్కడికీ తట్టలేదు.

"అదీ సంగతి," అంది తాయారు. "ఈ కంగారు ఎక్కడో ఎరిగినట్టుందే అనుకున్నాను. అన్నియ్యకి నిప్పు దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకోవడం అలవాటండి. ఎటు పోవాలో తేల్చుకోడు."

"నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"క్యారేజీ తెచ్చేదాన్ని కదండీ బాబాయ్ గారూ. ఒంటిగంటకి మీరు భోజనానికెళ్ళి ఓ కునుకు తీసేవారు. షట్టరు సగం దించి అన్నియ్య ఆడుకునేవాడు. మీ బోర్డేమో షట్టరుకి బయట ఉండేది. నేను షట్టరు కిందనుంచి దూరేదాన్ని." ఆగి, మిషన్ వైపు చూసింది. "ఇందులో మూడో ప్రాణం మిగిలే ఉందా? మరి మీ రూలు ప్రకారం అది అన్నియ్యది కాదు కదండీ."

నాకు గుండె ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఆన్ అయింది.

మా కొట్లో ఒక రూలుండేది. ఆఖరి ప్రాణం పక్కవాడికి. ఆఖరి ప్రాణం ఎవడి చేతిలో పోతే వాడు కోపంతో మిషన్ అద్దం గుద్దేవాడు. రెండు అద్దాలు పగిలాక నేనే పెట్టాను ఆ రూలు. పక్కవాడి చేతిలో పోతే ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు, అద్దం బతుకుతుంది. కొట్లో అందరూ దేవుడి మాటలా పాటించారు. ముప్పై ఏళ్ళ తర్వాత, ‘మూడు ప్రాణాల సంఘం’ అని పేరు పెట్టుకుని కూడా, ఒక్కడికీ అది గుర్తు రాలేదు. గ్రూపు పెట్టిన అడ్మిన్‌తో సహా.

"ఒంటిగంట వేళ అన్నియ్య పక్కన నేనే ఉండేదాన్ని," అంది తాయారు. "వేరే వేళల్లో ఎవరుండేవారో తెలీదు. ఈ రికార్డు ఏ రోజుదో నాకేం తెలుసు? ఆట అయ్యీ అవగానే క్యారేజీ పట్టుకుని బడికి పరుగెత్తేదాన్ని. సాయంత్రం అన్నియ్య అనేవాడు, నీ చేతిలో వెయ్యి పాయింట్లు కూడా రాలేదే, ఊరికే ప్రాణం పోగొట్టావని."

బుల్లియ్య త్రిమూర్తులు వైపు తిరిగాడు. "ఒక్కటే ఉందిరా. వేరేవాళ్ళదైతే ఈ చెయ్యి ఇంక లేవదు. ఆ రోజు నీ పక్కనెవరున్నారు? ఖాయంగా చెప్పాలి."

త్రిమూర్తులు చెమట తుడుచుకుని, తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

"పారిపోయాడు బాబాయ్," అన్నాడు బుల్లియ్య.

నేనూ అదే అనుకున్నాను. ఇంతలో నా జేబులో ఫోన్ మోగింది. బుల్లియ్య జేబులోనూ మోగింది. గ్రూపులో త్రిమూర్తులు రాశాడు, వాడి జన్మలో అంత పొడుగు మెసేజి రాసి ఉండడు.

"అందరికీ చెబుతున్నాను. నిప్పులవాన రికార్డు నాది కాదు. ఆ రోజు మొదటి రెండు ప్రాణాలూ ఆరు నిమిషాల్లో నేను పోగొట్టాను. మూడోది మా చెల్లి తాయారు యాభై నిమిషాలు ఆడింది. నేను పక్కన నిలబడి నోరెళ్ళబెట్టి చూశాను. ఆలస్యమైందని బడిలో దానికి దెబ్బలు కూడా పడ్డాయి. తెర మీద పేరు అక్షరాలు మాత్రం నావి కొట్టుకున్నాను. అప్పుడు దాని వయసు పద్నాలుగు."

వాడు లోపలికొచ్చాడు. "పెట్టు బుల్లియ్యా. అది దానిదే."

"నాకు చెబితే సరిపోయేది కదరా. గ్రూపులో దేనికి?"

"నీ ఒక్కడికీ చెబితే రేప్పొద్దున మళ్ళీ కాదంటానేమోనని భయమేసిందిరా. నా సంగతి నాకు తెలుసు కదా."

తాయారు అన్నని ఎగాదిగా చూసింది. "దెబ్బలు తిన్న రోజా? ఆ రోజుదా!" అంది. "వెయ్యి కూడా రాలేదన్నావు కదా, దొంగ సచ్చినోడా!"

ముప్పై ఏళ్ళ తిట్టు అంత చిన్నగా ఉండటం చూసి త్రిమూర్తులు ఏడ్చేశాడు.

మూడో ప్రాణం ఎక్కించారు.

మొదట ఏమీ కాలేదు. తర్వాత చూపుడువేలు ఒకసారి చిన్నగా కదిలింది, నిద్ర లేచిన పిల్ల దుప్పటిలోంచి కాలు బయటపెట్టినట్టు. మణికట్టు కుడికి ఒరిగింది. ఎడమకి. మళ్ళీ కుడికి. తొందర లేదు, తడబాటు లేదు. తెర ఆపేసి ఉంది గానీ, ఆ చెయ్యి చూస్తుంటే పైనుంచి పడే ప్రతి నిప్పూ నాకు కనబడింది. పది నిమిషాలకి తాయారు భుజం సద్దుకుంది. ఇరవై నిమిషాలకి నవ్వు మొదలైంది. యాభయ్యో నిమిషాన పెట్టెలో చిన్న చప్పుడై, దీపం ఆరిపోయింది. రికార్డు చెరిగిపోయింది.

తొడుగు తీశారు. చెయ్యి ఇంకా కదులుతోంది.

ఆవిడ ఆ చేతిని మొహం ముందుకు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అదే చేత్తో అన్న నెత్తిన ఒకటి మొట్టింది. ల్యాబు మారుమోగిందంటే కోతలనుకుంటారు. వాడి బట్టతలనడగండి.

కథ ఇక్కడ ఆపేసి మంగళం పాడొచ్చు. కానీ లేచింది నలభై నాలుగేళ్ళ చెయ్యి కాదు. పద్నాలుగేళ్ళ చెయ్యి.

వారం తిరక్కుండానే తెలిసింది. ముప్పై ఏళ్ళ వంట ఆ చేతిలోంచి పోయింది. కూరలో చిటికెడు ఉప్పు వెయ్యమంటే గుప్పెడు వేసింది. కూర్చుంటే కుదురు లేదు, గోడ మీద దరువు. వేణి జడ వెయ్యబోతే వేళ్ళు పాయల్లో చిక్కుపడ్డాయి. ఆ పిల్లకి పుట్టుజుట్టు తీసిన నాటి నుంచి జడ వేసిన చెయ్యి, ఇప్పుడు ఆ పిల్ల తలనే ఎరగదు. బుల్లియ్య వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"మధ్యలో ఏళ్ళు నేను తేలేనండి," అన్నాడు. "అవి ఎవరూ దాచలేదు."

కుండ ముందు కూర్చుని గుడ్డ దులిపితే రేకు తునకలు తునకలైంది. నాలుగు రోజులు అంతే. అయిదో రోజు నాకు ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, ఆ మిషన్ మా ఇంటికి పంపించండి."

"దేనికమ్మా?"

"ఈ చేతికి బడి గంట భయం పోలేదండి. ఎప్పుడూ సగంలో లేచి పరుగెత్తిన పిల్లది. కడుపునిండా ఆడుకోనిస్తే గానీ పని నేర్చుకోదు."

ఇంత తెలివైన మాట మా గ్రూపులో పదేళ్ళలో రాలేదు.

ఈలోగా గ్రూపులో కొత్త గొడవ. రికార్డు చెరిగిపోయింది కదా, మరి సాక్ష్యమేది? మూర్తులు చెల్లెలి మీద ప్రేమతో అబద్ధం చెప్పాడని ఒక జట్టు, నిజమే చెప్పాడని ఒక జట్టు. ఏసుదాసు ఒక్కడే సూటిగా అడిగాడు. "ఆవిడ ఆడితే చూస్తాం. చూపించండి."

ఆదివారం పొద్దున తాయారింటి అరుగు మీద మిషన్ పెట్టాం. త్రిమూర్తులు ఫోన్ ఎత్తి పట్టుకుని గ్రూపుకి లైవు చూపించాడు. చెయ్యి నొప్పెట్టినా దించలేదు. ఏసుదాసు కూతురు విజయవాడ బస్సులో కూర్చుని చూసిందట.

మొదటి ప్రాణం పావుగంటలో పోయింది. "చూశారా," అని గ్రూపులో ఎవడో. రెండోది ముప్పావుగంట. తెర మీద ఆఖరి పడవ వచ్చింది. తాయారు పుల్ల వదిలేసి అన్న వైపు చూసింది.

"రూలు ప్రకారం ఇది నీది, అన్నియ్యా."

"ఎహే, ఆ రూలు పెట్టినాయన ఇక్కడే ఉన్నాడు," అని వాడు నా వైపు చూశాడు.

"కొట్టు మూసేశాను," అన్నాను. "రూలు కూడా మూసేశాను. ఆడమ్మా."

ఆ ఆట ఎంతసేపు సాగిందంటే, ఆ నిప్పుల వేడికి అరుగు కింద కోడి పెట్టిన గుడ్డు ఉడికిపోయింది. సరే, గుడ్డు సంగతి వదిలెయ్యండి. పాత రికార్డు అంకె దాటిన క్షణాన రెండు వందల పన్నెండు ఫోన్లలోంచి మగాళ్ళు అరిచిన అరుపు మాత్రం అబద్ధం కాదు. మండపేట సెంటర్లో ఏసుదాసు షాపులోంచి జనం రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు.

ఆట అయ్యాక తెర మూడు అక్షరాలు అడిగింది. త్రిమూర్తులు చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది. ఒక్క చూపు చూసింది ఆవిడ. చెయ్యి వెనక్కెళ్ళిపోయింది. టి, ఏ, వై అని తనే కొట్టుకుంది, ఒక్కో అక్షరం దగ్గరా కావలసినంత సేపు ఆగి. ఎక్కడా గంట మోగలేదు.

మర్నాడు పొద్దున నేనింకా అక్కడే ఉన్నాను. కుండ కింద మంట గాలికి రెపరెపలాడుతోంది. వేణి అడ్డం పెట్టడానికేమన్నా ఉందా అని వెతికి, మిషన్‌తోపాటు వ్యానులో వచ్చేసిన రేకుబోర్డు తెచ్చి పొయ్యి పక్కన నిలబెట్టింది. ఎర్ర అక్షరాలు మంట వైపు. పసుపు రంగు పొంగి, నల్లబడి, రాలిపోయింది. నేను దగ్గాను. పొగకేలెండి.

తాయారు గుడ్డ ముంచింది. మొదటి రేకు చినిగింది. రెండోది మాడింది. మూడోసారి మణికట్టు కుడికి ఒరిగి, ఒక్క దులుపు. లేచింది రేకు. రెండు చేతులా పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. దాని అవతల నా మొహం కనబడిందట.

"మీసం కూడా కనిపిస్తోంది బాబాయ్ గారూ," అంది. "రేకు బాగా వచ్చింది. మీసమే బాలేదు."

ఆ మధ్యాహ్నం గ్రూపులో రెండు వందల పదమూడో మనిషిని చేర్చాను. ఆడవాళ్ళని చేర్చొచ్చా అని మూడేళ్ళుగా నలుగుతున్న గొడవ, ఎవర్నీ అడక్కుండా మీట నొక్కేసరికి అయిపోయింది. తాయారు కుడిచేత్తో కొట్టిన మొదటి మెసేజి వచ్చింది.

"రేకులు ఆరుతున్నాయి. చెయ్యి ఖాళీ. నిప్పులవానకి ఎవరొస్తారు?"

మామూలుగా అయితే కాకి అరిస్తే వాదనకి దిగే గ్రూపు. పది నిమిషాలు ఒక్కడు కూడా నోరు మెదపలేదు. చివరికి త్రిమూర్తులు రాశాడు.

"నేనొస్తానే. మొదటి రెండు ప్రాణాలూ నేను పోగొడతాను. అలవాటే కదా."